ఆరు ఫ్యాన్లకు ఎనిమిది ఫ్యాన్ల డబ్బు

ప్రశ్న: మా ఇంట్లో ఆరు సీలింగ్ ఫ్యాన్లున్నాయి. అన్నీ పదిహేనేళ్ల నాటివి, ఒక్కోటి 75 వాట్లు. పెద్ద పడకగదిలోది బాగా నెమ్మదించింది, హాల్లోది ఊగుతోంది. ఆరింటినీ ఒకేసారి తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారువి) పెట్టించాలనుకుంటున్నాం. ఒక రుణ యాప్ నెలకు 2 శాతం ఫ్లాట్ వడ్డీ మీద 18 నెలల వాయిదాలకు డబ్బు ఇస్తానంటోంది. నెలకు 97 యూనిట్లు మిగులుతాయి కాబట్టి ఆ ఆదాతోనే వాయిదాలు తీరిపోతాయని మా అంచనా. ఏ గదిలో ఫ్యాను ఎన్ని గంటలు తిరుగుతుందో రాసి జతచేశాను. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. అత్యవసరాలకని దాచింది పదిహేను రోజుల ఖర్చులకు సరిపోతుంది. అప్పు వద్దంటే అందులోంచి తీయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం చివర్లో ఉంది. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, పదిహేను రోజుల నిల్వ. ఇలాంటి ఇంటికి ఏ వస్తువునైనా వాయిదాల్లో కొనుక్కోమని ఎవరు చెప్పినా వినకండి, అది కరెంటును ఎంత ఆదా చేసేదైనా సరే. ‘దాని ఆదాతోనే దాని అప్పు తీరిపోతుంది’ అనే మాట ఫ్రిజ్‌ల దగ్గర్నుంచి సోలార్ ప్యానెళ్ల దాకా అన్నింటి విషయంలోనూ వింటున్నాను. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం కూడా అదే.

ముందు ఆ 2 శాతం సంగతి చూద్దాం. ఫ్లాట్ వడ్డీలో మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మొదటిరోజు తీసుకున్న మొత్తం మీదే పడుతుంది. 18 నెలలకు 36 శాతం. ఆరు ఫ్యాన్ల ధరలో 36 శాతమంటే రెండు ఫ్యాన్ల ధర పైమాటే. ఆరు ఇంటికి తెచ్చుకుని ఎనిమిదింటికి మించి డబ్బు కడతారన్నమాట. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే ఇది ఏడాదికి 40 శాతం దాటిన వడ్డీ. రెండును పన్నెండుతో గుణించి, 24 శాతమే కదా అని సంతకం పెట్టేవాళ్లను చూసి చూసి నా ఓపిక అయిపోయింది. ప్రాసెసింగ్ రుసుం పేరుతో ముందే కొంత కోసుకుంటే ఆ శాతం ఇంకా పెరుగుతుంది.

ఇక మీ 97 యూనిట్లు. ఫ్యానుకు 45 వాట్లు మిగలడం నిజమే. కానీ ఆరు ఫ్యాన్లూ రోజుకు 12 గంటలు తిరిగితేనే నెలకు 97 యూనిట్లు వస్తాయి. మీరు పంపిన కాగితంలో ఏముంది? హాల్లో 12 గంటలు, రెండు పడకగదుల్లో పదేసి, వంటగదిలో 3, పిల్లల చదువుల గదిలో 2, అతిథుల గదిలో ఒకటి. మొత్తం 38 గంటలు. దాని ప్రకారం మిగిలేది నెలకు 51 యూనిట్లే, మీ అంచనాలో సగం కాస్త పైన. అందులోనూ 43 యూనిట్లు మొదటి మూడు ఫ్యాన్లవే. మిగతా మూడూ కలిసి నెలకు ఎనిమిది యూనిట్లు ఆదా చేస్తాయి. ఆ ఎనిమిది యూనిట్ల కోసం అప్పులో సగం మోయబోతున్నారు.

ఈ 51 కూడా ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరిగితే వచ్చేదే. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉండి, రాత్రి వేగం తగ్గించి పడుకుంటే పాత ఫ్యాను కూడా 75 వాట్లు లాగదు, కాబట్టి తేడా ఇంకా తగ్గుతుంది. గోడకు ఇంకా పాతకాలం డబ్బా రెగ్యులేటర్లే ఉంటే, వేగం తగ్గించినప్పుడు కొంత కరెంటు ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది. ఫ్యాను కంటే ముందు దాన్ని మార్చండి. ఇంకో మాట. ఫ్యాను గదిని చల్లబరచదు, దాని కింద ఉన్న మనిషికి చల్లగా అనిపించేలా చేస్తుంది, అంతే. ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యానును ఆపితే వచ్చే ఆదాకు ఏ యాప్ అప్పూ అక్కర్లేదు.

నెమ్మదించిన ఫ్యాను గురించి. వైండింగు (మోటారులోని తీగచుట్ట) కాలిన వాసన లేకుండా, మెల్లగా మూలుగుతూ తిరిగే పాత ఫ్యానులో చాలాసార్లు తప్పు మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌దే. ఎక్కువ ఫ్యాన్లలో అది 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న డబ్బీ ధర కొత్త ఫ్యాను ధర ముందు లెక్కలోకి రాదు. గరగరమంటుంటే బేరింగులు చూపించండి. ఈ రెండూ ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని, నెల ఖర్చుల్లోంచే అయిపోతాయి.

ఊగే ఫ్యాను విషయంలో మాత్రం వాయిదా వద్దు. దాన్ని ఈరోజే ఆపేయండి, చూపించేదాకా వేయకండి. మా ఇంట్లో ఒక ఫ్యాను ఇలాగే ఊగుతుంటే, రెక్కల మీద దుమ్ము వల్లేనని నెలల తరబడి వదిలేశాను. ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి, రాడ్డు పైకొసన ఉండే గిన్నెలాంటి మూతను కిందికి జార్చి నన్ను రమ్మన్నాడు. స్లాబు కొక్కేనికి రాడ్డును పట్టి ఉంచే బోల్టు ఉంది, నట్టు ఊడిపోకుండా దాని చివర ఉండాల్సిన స్ప్లిట్ పిన్ను లేదు. నట్టు సగం దాకా వదులై, తుప్పు మీద ఆగి ఉంది. రబ్బరు బుష్ అరిగి నల్లటి పొడిగా రాలుతోంది. ఆ ఫ్యాను కిందే మా మంచం. బోల్టు, పిన్ను, బుష్ మార్చడానికి అరగంట పట్టింది. అప్పటినుంచి ఎవరింటికి వెళ్లినా పైకి చూసే అలవాటైంది.

హాల్లోదానికీ అదే క్రమంలో చూడమనండి: ముందు కొక్కెం, బోల్టు, తర్వాత రెక్కల మరలు, చివరికి రెక్కలు. రెక్కలు బరువు సరిచూసి జతగా వస్తాయి కాబట్టి, ఒకటి వంగిందని వేరే ఫ్యానుది తెచ్చి తగిలించకూడదు. తుడిచేటప్పుడు రెక్కను కిందికి నొక్కే చేతులే దాన్ని వంచుతాయి. మెయిన్ ఆపి, పాత దిండు గలీబు తొడిగి మెల్లగా లాగితే దుమ్మంతా దాంట్లోనే పడుతుంది.

కొత్తది కొనే రోజు వస్తే వాట్లు ఒక్కటే చూడకండి, నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో పెట్టె మీద చదవండి. గాలి తగ్గించి వాట్లు తగ్గించిన ఫ్యాను ఆదా చేసినట్టు కాదు. పొడవు, వెడల్పు పన్నెండేసి అడుగులున్న గదికి 1200 మిల్లీమీటర్లది చాలు. రెక్కలు నేలకు ఏడున్నర అడుగులకు తక్కువ ఎత్తులో ఉండకూడదు. బీఎల్‌డీసీ ఫ్యానుకు గోడ రెగ్యులేటర్ పనికిరాదు, స్విచ్చు నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది కాబట్టి దాని వారంటీ ఎన్నేళ్లో విడిగా అడగండి.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. అత్యవసర నిధిలోంచి తీయవచ్చా? తీయకూడదు. జీతం ఆగడం, ఆసుపత్రి పాలవడం అత్యవసరాలు. పదిహేనేళ్ల ఫ్యాను పాతబడటం పదిహేనేళ్ల ముందే తెలిసిన ఖర్చు. అసలు మీ దగ్గర ఉన్నదాన్ని నిధి అనడానికే నాకు మనసొప్పడం లేదు. ఒక నెల జీతం రెండు వారాలు ఆలస్యమైతే అది ఖాళీ అవుతుంది. మర్నాడు మీరు మళ్లీ అదే యాప్ తెరుస్తారు, ఈసారి ఇంటి ఖర్చుల కోసం. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చులు చేతికందే చోట ఉండాలి. ఆరోగ్య బీమా, టర్మ్ బీమా గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. లేకపోతే వాటి ప్రీమియం కూడా ఫ్యాన్ల కంటే ముందే. వడ్డీ లేని వాయిదాలన్నా నా జవాబు మారదు, నిధి లేని ఇంటికి అదీ అప్పే.

యాప్‌కు కట్టాలనుకున్న వాయిదా నెలకు దాదాపు అర ఫ్యాను ధర. అంత కట్టడానికి మీరు సిద్ధపడ్డారు కాబట్టి, వచ్చే నెల నుంచి ఆ మొత్తాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపండి. ఆ ఖాతాకు ఫోనులో చెల్లింపుల యాప్ కలపకండి. బోనస్ వస్తే అదీ అందులోకే. మూడు నెలల ఖర్చులు చేరేదాకా కొత్త ఫ్యాను మాట ఎత్తకండి. అంతకాలం పాతవి ఆగుతాయా అంటారేమో, మరమ్మతు చేయిస్తే ఆగుతాయి. మూడు నెలలు చేరాక వాయిదా సొమ్ములో సగం నిధికి, సగం ఫ్యాన్లకు. అలా అయితే అయిదో నెలకు ఒక ఫ్యాను నగదుకు వస్తుంది. మొదటిది హాల్లోకి, తర్వాత పడకగదుల్లోకి. అతిథుల గదిలోదాన్ని అది ఆగిపోయేదాకా కదిలించకండి.