జర్నలిజంలో పీజీ చేయాలంటే డిగ్రీలోనూ జర్నలిజమే చదివి ఉండాలా?

అవసరం లేదు, బీఏ, బీకాం, బీఎస్సీ వంటి ఏ డిగ్రీ పూర్తి చేసినవారైనా జర్నలిజం పీజీలో చేరేందుకు సాధారణంగా అర్హులే. తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది; అది మహిళలకు ప్రత్యేకం.

ఈ కోర్సు ప్రధానంగా నేర్పేది సమాచారాన్ని సేకరించడం, నిజానిజాలు సరిచూడడం, చదువరికి అర్థమయ్యేలా చెప్పడం అనే పద్ధతిని కాబట్టి, ఆ పద్ధతిని ప్రయోగించడానికి కావలసిన విషయజ్ఞానం విద్యార్థి అంతకుముందు చదివిన డిగ్రీ నుంచే వస్తుంది. అందువల్ల వేరే డిగ్రీ లోపం కాదు, నిజమైన బలం. ఉదాహరణకు, చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు రైతు ఆవేదనను ఎవరైనా రాయగలరు. గుజ్జు పరిశ్రమ దగ్గర మిగిలిన నిల్వలు, ఎగుమతి గిరాకీ, కొనుగోలు ధర ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో బీకాం చదివిన విద్యార్థిని మరింత స్పష్టంగా విప్పి చెప్పగలదు.

చదువు ముగిశాక దినపత్రికలే కాక రేడియో, టెలివిజన్, ప్రజాసంబంధాలు, డిజిటల్ వేదికలు కూడా ఉన్నాయి. తిరుపతిలోనే ఆకాశవాణి కేంద్రం, తిరుమల తిరుపతి దేవస్థానాల భక్తి ఛానల్, సప్తగిరి మాసపత్రిక పనిచేస్తున్నాయి.

ఈ పట్టా విలేకరి వృత్తికి లైసెన్సు అని చాలామంది పొరబడతారు. మన దేశంలో అటువంటి లైసెన్సు లేదు. విలేకరులకు గుర్తింపుగా రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అక్రెడిటేషన్ కార్డు సైతం పట్టా ఉన్నంత మాత్రాన రాదు, మీడియా సంస్థలో చేసే పనితో ముడిపడి ఉంటుంది.