మినుములు కలిపిన బియ్యం

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవికి ఆశీస్సులు.

మతిమరపు జబ్బు వచ్చిన మీ నాయనమ్మ మీద నువ్వు రాసిన కథ అందింది. ముఖపరిచయం లేనివారికి ‘మీరు’ అని రాయడం పద్ధతి. నాకు డెబ్బై నాలుగు, నీకు ఇరవై మూడు కాబట్టి ఆ పద్ధతి పక్కన పెడుతున్నాను. కథ బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను, రెండు రోజులుగా నీ మీద కోపంగా ఉన్నాను.

ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చొని నీ పద్నాలుగు పేజీల్లో ఒక లెక్క తీశాను. ‘పెట్టేది’, ‘పాడేది’, ‘చెప్పేది’, ‘దిష్టి తీసేది’. ఇలా ‘ఏది’తో ముగిసిన వాక్యాలు 41 ఉన్నాయి. నాయనమ్మ ఆవకాయ కలిపేది. నాయనమ్మ జడ వేసేది. నాయనమ్మ నవ్వితే ఇల్లంతా వెలిగేది. కథతో పంపిన ఉత్తరంలో ఏమి రాశావో గుర్తుందా? ‘ఇది రాస్తుంటే నాయనమ్మ పక్కగదిలోంచి రెండుసార్లు పిలిచింది’ అని రాశావు. పక్కగదిలోంచి పిలుస్తున్న మనిషిని ‘ఉండేది’ అనడానికి నీకు చేయి ఎలా వచ్చిందమ్మా?

ఈ ‘ఏది’ మన కథలకు పట్టిన చీడ అని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. సభల్లో అంటే నవ్వి చప్పట్లు కొడతారు, ఇంటికి వెళ్ళి మళ్ళీ అదే రాస్తారు. ఆ క్రియలో ఉన్న సుఖం అలాంటిది. ‘ఆవకాయ కలిపేది’ అనేస్తే ఏ ఏడు కలిపిందో, కాయలు ఎవరు తెచ్చారో, ఆ రోజు తోడికోడలితో ఎందుకు మాట పట్టింపు వచ్చిందో ఏదీ చెప్పక్కర్లేదు. ఊరగాయ జాడీ ఒకటి, ముక్కుపుడక ఒకటి, తులసికోట ఒకటి పెడితే ఆదివారం అనుబంధానికి సరిపడా నాయనమ్మ తయారు. పండుగ కథల పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్ళిన రోజుల్లో ఇలాంటి నాయనమ్మలు కట్టలకొద్దీ ఎదురయ్యేవారు. నేను వద్దన్నవాటికే బహుమతులు వచ్చాయి. ఇప్పుడు నన్ను పిలవడం మానేశారు, అది వేరే సంగతి. (‘ఎదురయ్యేవారు’ అని నేనూ రాశాను, చూశావా? అంత అంటుకునే జబ్బు ఇది.)

తొమ్మిదో పేజీలో ‘నాయనమ్మ పసిపాపలా మారిపోయింది’ అన్నావు. ఆ వాక్యం కొట్టేశాను. ఎవరిదో మాట అది, నీది కాదు. పసిపాప నిన్న రానిది ఇవాళ నేర్చుకుంటుంది. పైగా అన్నం కలిపి ముద్ద పెడుతుంటే మీ నాయనమ్మ ముఖం పక్కకు తిప్పుకుని నోరు తెరుస్తుందని నువ్వే రాశావు. పసిపాపకు ఆ సిగ్గు ఎక్కడిది?

ఇంకొకటి. నీ కథలో నాయనమ్మ ముందు తన పెళ్ళిని మరచిపోతుంది, నిన్న రాత్రి టీవీ సీరియల్లో ఏమి జరిగిందో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. అల్జీమర్స్ అనే ఈ మతిమరపు జబ్బు మామూలుగా ఆ దారిన రాదు. మెదడులో కొత్త జ్ఞాపకాలు నిలవడానికి పని చేసే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని అది తొలిరోజుల్లోనే పట్టుకుంటుంది. అందుకే ముందు నిన్నటి సంగతి పోతుంది. అరవై ఏళ్ళ కిందటి పెళ్ళిపందిరి ఇంకా చాలాకాలం నిలుస్తుంది. చేతులకు అలవాటైన పనులు అంతకన్నా ఎక్కువకాలం నిలవవచ్చు. నువ్వు ఇంట్లో రోజూ చూస్తున్నదీ ఇదే కదా? పెళ్ళిని మరచిపోతే పాఠకులు ఏడుస్తారని తిరగేశావు, అవునా?

మన సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయం పెట్టిన ఏడాదే, 1901లో, అక్కడ ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆగస్టె డేటర్ అనే యాభై ఒక్క ఏళ్ళ ఆమెను చేర్చారు. అలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు ఎదురుగా కూర్చొని ప్రశ్నలు వేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. నీ పేరేమిటంటే ఆగస్టె అంది. భర్త పేరేమిటంటే, ఆగస్టె అనుకుంటాను అంది. మధ్యాహ్నం ఆమె కాలీఫ్లవర్, పంది మాంసం తింటోంది. ఏమి తింటున్నావని అడిగితే పాలకూర అంది. ఆ కాగితాలు ఎక్కడో పడిపోయి 1995లో మళ్ళీ దొరికాయి. ఆ వైద్యుడి పేరే ఈ జబ్బుకు స్థిరపడింది. అది సరే, నాకు కావలసింది ఆ పాలకూర. కంచంలో ఏముందో, నోటి నుంచి ఏమి వచ్చిందో రెండూ పక్కపక్కన రాశాడు. జాలి అనే మాట వాడలేదు. నీ పద్నాలుగు పేజీల్లో అలాంటి కంచం ఒక్కటి లేదు, ఒక్కచోట తప్ప. ఆ చోటికి వస్తాను.

మా అమ్మమ్మకు ఇదే వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను. 1978లో ఈ పేరు మాకు తెలియదు. చాదస్తమన్నారు, వయసు మీద పడిందన్నారు, ఒకాయన గాలి సోకిందని తాయెత్తు కూడా ఇచ్చాడు. దీపాల వేళ అయ్యేసరికి ఆమెకు కాలు నిలవదు. ‘ఇంటికి వెళ్ళాలి, బండి వెళ్ళిపోతుంది’ అని చేతిసంచి సర్దుకుంటుంది. రెండు గదుల ఇంట్లో ఎవరు ఎంతసేపు కాపలా కాస్తారు? ఒకరోజు కాచిగూడ స్టేషన్‌లో దొరికింది. బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సంచిలో ఒక చీర, సబ్బు పెట్టె, మా ఇంటి తాళంచెవి. నేను పరుగెత్తి ‘అమ్మమ్మా, ఇల్లు ఇక్కడ కాదు, చిక్కడపల్లిలో’ అని వాదన మొదలుపెట్టాను. ఆమె నన్ను చూసి భయపడింది. మా అమ్మ వచ్చి పక్కన కూర్చుని, ‘బండి ఆలస్యమట, అందాకా రెండు ముద్దలు తినివద్దాం’ అంది. అమ్మమ్మ లేచి వచ్చేసింది. అలా ఎన్నిసార్లో. అమ్మ చదువుకున్నది అయిదో తరగతి.

ఆ సంగతే కథగా రాశాను. ఇద్దరూ రిక్షా ఎక్కి ఇంటికి రావడంతో ముగించాను. ఒక వారపత్రిక వేసుకుంది. వేసుకునే ముందు సంపాదకుడు కబురుపెట్టి, ‘చివర్లో ఏమీ జరగలేదమ్మా, పాఠకుడికి కొసమెరుపు కావాలి’ అన్నాడు. కుదరదన్నాను. అచ్చయ్యాక చూస్తే, స్టేషన్‌లో అమ్మమ్మ నా చేయి పట్టుకుని, నన్ను ముద్దుపేరుతో పిలిచి, కళ్ళు మూసింది! ఆ ముద్దుపేరు కూడా ఆయనే పెట్టాడు. అప్పటికి మా అమ్మమ్మ ఇంట్లో మంచం మీద కూర్చుని దుప్పటి అంచు మడత పెడుతూ విప్పుతూ ఉంది.

అమ్మ ఆ పత్రిక మొదటినుంచి చివరిదాకా చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘నిన్ను పేరు పెట్టి పిలిచిందా? నాకు చెప్పలేదేమి?’ అని అడిగింది. అది సంపాదకుడు కలిపింది అని చెప్పాను. ‘ఓహో’ అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. తన పేరును అప్పటికి రెండేళ్ళుగా అమ్మమ్మ నోట వినలేదు ఆమె. ఆ సంపాదకుడికి తరువాత సన్మానాలు జరిగాయి. ఒకదానికీ వెళ్ళలేదు నేను.

నీ కథ చివర నాయనమ్మ నీ పుట్టినరోజు గుర్తు చేసుకుని నుదుట ముద్దు పెడుతుంది చూడు, అక్కడ నాకు ఆయన కనిపించాడు. అది నిజంగా జరిగిందా? జరిగి ఉంటే ఉంచు. నన్ను నమ్మించడానికి ఆ రోజు ఏ వారమో, ఆమె మీద ఏ చీర ఉందో చెప్పు. జరగకపోతే తీసెయ్యి. మీ అమ్మ కూడా చదువుతుంది.

మరచిపోయేలోగా ఇంకో మాట. మీ నాయనమ్మ పుట్టింది, పెరిగింది పురానాపూల్ దగ్గర అంటున్నావు. మరి కథలో ఆమె నోట ఒక్క ఉర్దూ మాట లేదే? కూరగాయల బండివాడితో కూడా గ్రాంథికంలో బేరమాడుతోంది. మన పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రి వైద్యులు 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరపు జబ్బుల) రోగుల వివరాలు చూసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే భాష వచ్చినవారికన్నా రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయట. బడి ముఖం చూడనివారిలో కూడా ఆ తేడా కనిపించింది. బడికి వెళ్ళకుండానే వీధిలో ఇంకో భాష నేర్చుకునే ఊరు కాబట్టి ఆ సంగతి ఇక్కడ తేల్చగలిగారు. ఆమెకు మంచిరోజులు ఇంకొన్ని ఇచ్చి ఉండగల భాషను నువ్వు శుభ్రత పేరుతో కడిగేశావు. ఇప్పుడు ఆమె నిన్ను ఏ భాషలో పిలుస్తోంది? ఆ పిలుపు ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇక ఆ ఒక్క చోటు. పదకొండో పేజీ కింద, ఎవరి కంటా పడకూడదన్నట్టు మూడు వాక్యాలు రాశావు: ‘నాయనమ్మకు ఏదో ఒక పని ఉండాలి. అందుకని అమ్మ బియ్యంలో గుప్పెడు మినుములు కలిపి చేటలో పోసి ఇస్తుంది. నాయనమ్మ సాయంత్రానికి అన్నీ ఏరేస్తుంది, రాత్రి అమ్మ మళ్ళీ కలుపుతుంది.’

చదివి కాగితాలు కింద పెట్టాను. ఫ్యాను గాలికి రెండు పేజీలు మంచం కిందికి పోయినా లేవలేదు. ఈ మూడు వాక్యాల్లో ఒక్క ‘ఏది’ కూడా లేదు, గమనించావా? ‘ఇస్తుంది’, ‘ఏరేస్తుంది’, ‘కలుపుతుంది’. అబద్ధం ఆడే తీరిక లేనప్పుడు నీ క్రియ తనంతట తానే సరైన కాలంలోకి వచ్చి కూర్చుంది. మామిడితోటకు మూడు పేజీలు ఇచ్చి దీనికి మూడు వాక్యాలా?

నాకు తెలియాల్సినవి చాలా ఉన్నాయి. రోజూ అవే బియ్యమా? పురుగు పట్టదా? ఎప్పటికైనా వాటిని వండుతారా, లేక నాయనమ్మ బియ్యం అని డబ్బా వేరుగా ఉందా? మీ అమ్మ మినుములు కలిపేటప్పుడు వంటింటి దీపం వేస్తుందా, చప్పుడు కాకుండా చీకట్లోనే కలుపుతుందా? గుప్పెడు ఎక్కువైన రోజున నాయనమ్మ విసుక్కుంటుందా? కొట్టువాడు మోసం చేస్తున్నాడని తిడుతుందా? ఏరిన మినుములు ఎక్కడ పోస్తుంది, పళ్ళెంలోనా, కొంగులోనా? అత్తాకోడళ్ళకు పూర్వం పడేది కాదని రెండో పేజీలో ఒక ముక్క అన్నావు. ఆ కోడలే ఇప్పుడు ఈ పని చేస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టింది? ఎవరు చెప్పారు ఆమెకు?

నువ్వు అడిగిన కలం పేరు సంగతి, పుస్తకం సంగతి తరువాత చూద్దాం. ముందు మీ అమ్మ పక్కన ఒక రాత్రి వంటింట్లో నిలబడు. అడగాల్సినవి అడుగు. పద్నాలుగు పేజీలు అక్కర్లేదు, నాలుగు చాలు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్ళు మునుపటిలా లేవు. డబ్బాలో బియ్యం ఎన్ని శేర్లో కూడా రాయి.