ఆర్6 మార్క్ 2కి తోడుగా రెండో బాడీ ఏది?

కడపలో పెళ్లిళ్లు తీసేవాళ్లకు కెనాన్ ఆర్6 మార్క్ 2 కెమెరా ఉంటే, బ్యాకప్‌గా కొత్త ఆర్8 మేలా, వాడిన పాత ఆర్6 మేలా? నా ఓటు పాత ఆర్6కే. ఆర్8లో 24 మెగాపిక్సెళ్లు, బరువూ తక్కువే. కానీ మెమరీ కార్డు స్లాటు ఒక్కటే, బ్యాటరీ చిన్న ఎల్‌పీ-ఈ17. మీ దగ్గరున్న మార్క్ 2 బ్యాటరీలు అందులో పట్టవు. తలంబ్రాల మధ్యలో కార్డు పోతే మళ్లీ పోయించలేం కదా! ఆర్6 20 మెగాపిక్సెళ్లే అయినా ఆల్బమ్‌కి ధారాళం. రెండు స్లాట్లు, మార్క్ 2కి వాడే బ్యాటరీలే.

కొనేముందు లెన్సు రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్/16కి చిన్నది చేసి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీయండి. గండికోట దుమ్ము తిన్న సెన్సరైతే నల్లచుక్కలు బయటపడతాయి. రెండు స్లాట్లలోనూ ఫొటోలు పడుతున్నాయో లేదో చూడండి. కొన్నాక రెండు కెమెరాల టైము సెకన్లతో సహా కలపండి. లేకపోతే వరసలో పేర్చినప్పుడు జీలకర్ర-బెల్లం కంటే ముందే తాళి వచ్చేస్తుంది.