లాంగ్‌ఇయర్ కోసం వాగుకెళ్లే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా, ట్యాంకులో పెంచడానికి లాంగ్‌ఇయర్ అనే సన్‌ఫిష్ చేపని పడతానని నువ్వు పంపిన ఫోటో చూశాను, అది లాంగ్‌ఇయర్ కాదురా, గ్రీన్ సన్‌ఫిష్ అనే ఇంకో రకం. నోరు చూడు ఎంత పెద్దదో, చివర కంటి కిందదాకా వచ్చింది, రెక్కల అంచులు పసుపుగా ఉన్నాయి, దాన్ని ట్యాంకులో వేస్తే మిగతావాటిని బతకనివ్వదు. లాంగ్‌ఇయర్ నోరు చిన్నది, బుగ్గల మీద నీలం గీతలు వంకర్లు తిరిగి ఉంటాయి, మొప్ప మూత చివర నల్లటి చెవిలాగా పొడుగ్గా సాగి దాని చుట్టూ సన్నగా తెల్లంచు ఉంటుంది. మన జిలేబీ చేపలా కనపడేది బ్లూగిల్, దాని చెవి మొత్తం నలుపే, అంచుండదు. ఆరెంజ్‌స్పాటెడ్ అనే ఇంకో సన్‌ఫిష్‌కి తెల్లంచు ఇంకా వెడల్పు, అది మహా పెరిగితే నాలుగంగుళాలు. ఇవి ఒకదాంతో ఒకటి కలిసి పిల్లలు పెట్టేస్తాయి కాబట్టి ఒక్కోసారి ఎంత చూసినా తేలదు, అలాంటిదాన్ని అక్కడే వదిలేయ్. చేతిలో పట్టుకుని చూడకు, చిన్న పారదర్శకమైన డబ్బాలో వాగు నీళ్లు పోసి అందులో వేసి పక్కనుంచి చూడు.

మిస్సోరీలో ఓజార్క్ కొండల వాగులు దాదాపు అన్నిట్లో లాంగ్‌ఇయర్ దొరుకుతుంది, నీళ్లు తేటగా ఉండి అడుగున గులకరాళ్లు ఉన్నచోట చూడు. కానీ ముందు లైసెన్స్ తీసుకో, ప్రాణంతో ఇంటికి తీసుకెళ్లొచ్చా, వల వెయ్యొచ్చా అని కన్సర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఫోన్ చేసి అడుగు, చాలా స్టేట్స్‌లో సన్‌ఫిష్ గేమ్ ఫిష్ (పట్టడానికి ప్రత్యేక నియమాలున్న చేప) కింద లెక్క, గాలంతో తప్ప పట్టకూడదు. గాలం ఉన్నవాటిల్లోకెల్లా చిన్నది తీసుకుని దాని వెనక ముల్లుని ప్లయర్‌తో నొక్కేయ్, వానపాము ముక్క గోరంత చాలు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మే చివర్నించి నీళ్లు వెచ్చబడ్డాక మగవి గులకరాళ్లలో పళ్లెం లాంటి గుంట చేసుకుని కాపలా కాస్తాయి, అప్పుడు వాటి రంగు చూస్తే మతిపోతుంది, పొట్ట నిప్పులా, ఒంటినిండా నీలం చుక్కలు. వాటి జోలికి వెళ్లకు. నేను మొదటి ఏడు అలాంటి దాన్నే పట్టాను, బకెట్‌లో వేసి వెనక్కి తిరిగేసరికి చిన్న చేపలన్నీ ఆ గుంట మీద పడి గుడ్లు తింటున్నాయి, వెంటనే వదిలేశాను గానీ అప్పటికే గుంట ఖాళీ. నువ్వు బొటనవేలంత పిల్లని పట్టు. చూడ్డానికి బూడిదరంగులో ఏమీ బాగుండదు, కానీ అది వారంలో తిండికి అలవాటు పడుతుంది, పెద్దది మూలన నక్కి రోజులతరబడి తినదు. రంగు మీ ఇంట్లోనే వస్తుంది, అది వచ్చేటప్పుడు రోజూ చూసుకోవచ్చు.

తెచ్చేటప్పుడు కూలర్‌లో వాగు నీళ్లు, బ్యాటరీ ఎయిర్ పంపు, మూత తప్పనిసరి. ఎండలో కార్లో వదిలి తిండికి ఆగకండి. నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచు. ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే కంగారుపడకు, అవి ఒక పురుగు వల్ల వచ్చేవి, ఆ పురుగు నత్తలూ చేపల్ని తినే పక్షులూ లేకుండా పెరగదు, ట్యాంకులో అంటుకోదు. మొదట వానపాము ముక్కలు, తర్వాత ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు), వాటి మధ్యలో ఒక్కో పెల్లెట్ (మేత గుళిక) వేస్తూ మార్చు. ట్యాంకు యాభై అయిదు గ్యాలన్లకి తగ్గొద్దు, మగవి రెండైతే కొట్టుకుంటాయి.

ఒకసారి ట్యాంకులో పెట్టాక మళ్లీ ఏ నీళ్లలోనూ వదలొద్దు. 1960లో జపాన్ యువరాజు అకిహితో షికాగో నుంచి బ్లూగిల్స్ తీసుకెళ్తే అవి అక్కడి చెరువుల్లో పెరిగిపోయి జపాన్ స్థానిక చేపల్ని తినేశాయి, 2007లో ఆయనే చక్రవర్తిగా ఉండి బాధపడుతున్నానని చెప్పారు. పెంచలేకపోతే నాకు ఫోన్ చెయ్, నేనే వచ్చి తీసుకెళ్తాను.

శనివారం పొద్దున్నే వెళ్లు, డబ్బాలో వేసి పక్కనుంచి ఫోటో తీసి పంపు, చెవి అంచు కనపడాలి.

మీ బాబాయ్