ఒక దేశం పొరుగు దేశంపై దండెత్తితే ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని ఎందుకు పంపదు?

పంపడానికి సమితికి సొంత సైన్యం లేదు. బలప్రయోగానికి సభ్యదేశాలకు అనుమతి ఇవ్వాల్సింది భద్రతా మండలి, అక్కడ ఒక్క వీటో పడినా తీర్మానం వీగిపోతుంది.

మండలిలో 15 దేశాలుంటాయి. తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఎవరూ వ్యతిరేకంగా ఓటేయకూడదు; ఈ ఐదింటిలో ఒకరి వ్యతిరేక ఓటే వీటో. ఓటింగుకు దూరంగా ఉంటే మాత్రం వీటో కిందికి రాదు. సభ్యదేశాలు ముందే బలగాలు కేటాయించాలని సమితి చార్టర్ 43వ అధికరణంలో రాసుకున్నారు గానీ, అలాంటి ఒప్పందం నేటికీ ఒక్కటీ కుదరలేదు.

అడ్డు లేనప్పుడు ఈ యంత్రాంగం చకచకా కదులుతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. వెనక్కి వెళ్లాలని మండలి అదే రోజు తీర్మానించింది, 6న ఆర్థిక ఆంక్షలు పెట్టింది. నవంబరు 29న 678వ తీర్మానంతో 1991 జనవరి 15 దాకా గడువిచ్చింది, అప్పటికీ వెళ్లకపోతే బలప్రయోగానికి సభ్యదేశాలకు అనుమతిచ్చింది. ఇరాక్ కదల్లేదు, అమెరికా నాయకత్వంలోని కూటమి ఫిబ్రవరి చివరికల్లా కువైట్‌ను విడిపించింది. చైనా 678పై ఓటింగుకు దూరంగా ఉంది కాబట్టే ఇది సాధ్యమైంది. దండెత్తింది వీటో ఉన్న దేశమే అయితే కథ మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది: ఉక్రెయిన్‌పై దాడిని ఖండించే తీర్మానాన్ని 2022 ఫిబ్రవరి 25న రష్యా వీటో చేసింది.

మండలి ఒప్పుకోకపోతే బాధిత దేశానికి ఎవరూ సాయం చేయకూడదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 51వ అధికరణం ప్రకారం దాడికి గురైన దేశం ఆత్మరక్షణకు పోరాడవచ్చు, అది కోరితే మిత్రదేశాలూ తోడు రావచ్చు. ముందస్తు అనుమతి అక్కర్లేదు, తీసుకున్న చర్యలను వెంటనే మండలికి తెలియజేయాలి.