తగ్గని జబ్బుకు స్పీచ్ థెరపీ: ఆ చదువు చదవాలా?

ప్రశ్న: ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తయింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మా తాతగారు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 66. మూడేళ్లుగా ఆయనకు మాటలు జారిపోతున్నాయి. పేపరు గడగడా చదువుతారు, పద్యాలు తప్పు పోకుండా అప్పజెబుతారు. కానీ మొన్న ‘దానిమ్మ ఒలిచి ఇవ్వనా’ అంటే, ‘దానిమ్మ అంటే ఏమిటి?’ అని అడిగారు. న్యూరాలజిస్టు పరీక్షలు చేయించి ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా (మెదడు క్షీణిస్తూ భాష క్రమంగా పోయే జబ్బు), అందులో సెమాంటిక్ అంటే అర్థం పోయే రకం అన్నారు. దీన్ని ఆపే మందు లేదని, స్పీచ్ థెరపీ చేయించమని చెప్పారు. ఆ రోజు నుంచి నాకు బీఏఎస్‌ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, అంటే వినికిడి, మాట లోపాల చికిత్స నేర్పే డిగ్రీ) చదవాలని ఉంది. నాన్న మాత్రం ‘తగ్గని జబ్బుకు వైద్యం నేర్చుకొని ఏమి చేస్తావు?’ అంటున్నారు. ఏమి చేయమంటారు?
— ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: మీ నాన్నగారిది మొండితనమని అనుకోకండి. ఈ వృత్తిలో ఉన్నవారు కూడా అప్పుడప్పుడూ తమను తాము వేసుకొనే ప్రశ్నే అది. దానికి జవాబుంది. అయితే ముందు మీకు రుచించని మాట ఒకటి చెప్పాలి. తాతగారి కోసం ఈ కోర్సులో చేరకండి.

బీఏఎస్‌ఎల్‌పీ నాలుగేళ్లు. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మీరు పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చేసరికి తాతగారి జబ్బుకు ఏడేళ్లు నిండుతాయి. ఆయనకు కావలసిన థెరపిస్టు ఈపాటికే చదువు ముగించి గుంటూరులోనో హైదరాబాదులోనో కూర్చొని ఉన్నారు. వారిని ఈ నెలలోనే వెతికి పట్టుకోండి. దగ్గరలో దొరక్కపోతే వీడియో కాల్‌లో చేసేవారున్నా సరే, ఈ జబ్బుకు ఆ పద్ధతి పనికొస్తుంది. తాతగారి వైద్యం ఒక పని, మీ బతుకుతెరువు మరో పని. రెండింటినీ ఒక్క ముడి వేస్తే రెండూ చిక్కుపడతాయి.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్న.

మన ఇళ్లలో తెలిసిన అఫేజియా పక్షవాతంతో వచ్చేది. ఒక పూటలో మాట పడిపోతుంది. తర్వాత నెలల తరబడి సాధన చేస్తే కొంతయినా తిరిగి వస్తుంది. తాతగారిది దీనికి తలకిందుల వ్యవహారం. జ్ఞాపకం, వ్యవహారజ్ఞానం చాలాకాలం బాగానే ఉండి, భాష మాత్రం ఏళ్ల తరబడి కరుగుతూ వచ్చిన ఆరుగురి గురించి 1982లో మార్సెల్ మెసులమ్ అనే న్యూరాలజిస్టు రాశారు. ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు ఆయన పెట్టిందే. 2011 నుంచి వైద్యులు దీన్ని మూడు రకాలుగా చూస్తున్నారు. ఒకదానిలో వాక్యం కూర్పు చెదిరి, నోరు తిరగక మాట తడబడుతుంది. ఇంకొకదానిలో కావలసిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, కాస్త పొడుగు వాక్యాన్ని తిరిగి చెప్పమంటే చెప్పలేరు. తాతగారికి వచ్చిన సెమాంటిక్ రకంలో మాట ధారాళంగానే ఉంటుంది, దానిలోని అర్థం ఖాళీ అయిపోతుంది. మెదడులో ఎడమ కణత వైపుండే టెంపోరల్ లోబ్ ముందు భాగం కుంచించుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు అఫేజియా అని ఆయన కుటుంబం 2022లో చెప్పింది. మరుసటి ఏడాది అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, అంటే మెదడు ముందు, కణత భాగాలు క్షీణించే జబ్బు అని ప్రకటించింది. తాతగారి జబ్బును కూడా వైద్యులు ఆ గుంపులోనే వేస్తారు.

తుపాను హెచ్చరిక వినగానే మీ ప్రాంతపు రైతు ఏమి చేస్తాడో నాన్నగారిని అడగండి. కల్లంలో ఉన్న ధాన్యం ఎత్తుకుంటాడు, కుప్పల మీద పట్టాలు కప్పుతాడు. ఎలాగూ తుపాను ఆగదు కదా అని చేతులు ముడుచుకొని కూర్చోడు. ఈ జబ్బులో స్పీచ్ థెరపిస్టు చేసే పనీ అలాంటిదే. ఏ మాటలు ముందు పోతాయో అంచనా వేసి, వాటిలో నిలబెట్టగలిగినవాటిని నిలబెట్టడం, పోయేవాటికి బదులు ఏర్పాటు చేయడం, ఇంట్లోవాళ్లకు మాట్లాడే తీరు నేర్పడం.

తాతగారి విషయంలో ఇది ఎలా ఉంటుందో చూడండి. థెరపిస్టు ముందు మీ ఇంటి ఫొటోలు అడుగుతారు. మీ ఇంటి కాఫీ గ్లాసు, తాతగారి కళ్లజోడు పెట్టె, మీ చెల్లెలి ముఖం, పెరట్లో దానిమ్మ చెట్టు ఉంటే ఆ చెట్టు. పుస్తకంలో అచ్చయిన బొమ్మల కన్నా ఇవే మేలు. ఎందుకంటే ఈ రకం అఫేజియాలో సాధన చేసిన మాట సాధన చేసిన వస్తువుకే అతుక్కుంటుంది, పక్కదానికి పాకదు. ఆపిల్ నేర్పితే జామ రాదు. అందుకే నూరు మాటలు ముందేసుకోకుండా ఆయనకు రోజూ అవసరమయ్యే పాతిక, ముప్పై మాటలు ఎంచుకొని వాటినే రోజూ తిప్పుతారు. సాధన సాగినంతకాలం ఆ మాటలు చాలావరకు నిలుస్తాయి, మానేస్తే జారిపోతాయి. ఇంట్లో ఒకరు రోజూ అరగంట కూర్చోవాలి. ఆ ఒకరు మీరే కావచ్చు. దానికి డిగ్రీ అక్కర్లేదు.

నోరు తిరగని రకానికి వేరే పద్ధతి ఉంది. మనిషి తన బతుకులోంచి నాలుగు చిన్న ప్రసంగాలు ఎంచుకుంటారు. ఉద్యోగం గురించి ఒకటి, మనవల గురించి ఒకటి, హోటల్లో టిఫిన్ చెప్పడానికి ఒకటి, ఇలా. వీడియోలో కనిపించే నోటిని చూస్తూ, ఆ గొంతుతో గొంతు కలిపి వాటిని సాధన చేస్తారు. అమెరికాలో మాయా హెన్రీ బృందం పదిమందితో ఇలా చేయించి 2018లో ఫలితాలు ప్రచురించింది. సాధన చేసిన మాటలు ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలిచాయి. జబ్బు ఆ ఏడాది పొడవునా ముదురుతూనే ఉందన్నది గుర్తుంచుకొని ఆ ఫలితాన్ని చదవాలి.

ఇంట్లో ఇప్పుడే మానేయవలసిన అలవాటు ఒకటి ఉంది. ‘ఇది ఏమిటో చెప్పండి తాతయ్యా’ అని పరీక్ష పెట్టడం. ప్రేమతోనే అడుగుతాం, నిజమే. నలభై ఏళ్లు పిల్లలకు పరీక్షలు పెట్టిన మనిషి రోజుకు పదిసార్లు తప్పుతూ కూర్చోవాలా? మాటను మీరే అందించండి. ‘ఇదిగో దానిమ్మ, గింజలు ఎర్రగా ఉన్నాయి’ అని చేతిలో పెట్టండి. ఇంకొకటి, భద్రత. అర్థం పోవడమంటే పేరు పోవడంతో ఆగదు, వస్తువు దేనికో కూడా మరుగున పడుతుంది. ఫినాయిలు సీసా, పురుగుమందు డబ్బా ఆయనకు అందే చోట ఉంచకండి. జబ్బు ముదిరాక మింగడంలో ఇబ్బంది రావచ్చు, పొలమారవచ్చు. అది కూడా స్పీచ్ థెరపిస్టే చూస్తారు. ఈ సంగతి మన దగ్గర చాలామంది డాక్టర్ల ఇళ్లలో కూడా తెలియదు.

ఆయన పద్యాలు చెబుతుండగా ఫోనులో రికార్డు చేసి పెట్టండి. అయితే పద్యం అప్పజెప్పడాన్ని చూసి ‘భాష బాగానే ఉంది కదా’ అని మోసపోకండి. కంఠతా వచ్చినవి వేరే దారిలో వస్తాయి.

మీరు రాసిన వివరాల్లో నన్ను పట్టి ఆపింది ‘పేపరు గడగడా చదువుతారు’ అన్న మాట. ఇంగ్లీషులో ఈ రకం అఫేజియాను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది. అక్షరాలకూ ఉచ్చారణకూ పొంతన లేని మాటలను రోగి అక్షరం ప్రకారం చదివి తప్పుతాడు. తెలుగులో ఆ ఆనవాలు దాదాపు దొరకదు. మన లిపిలో రాసింది రాసినట్టే పలుకుతాం, అర్థం తెలియకపోయినా దానిమ్మను దానిమ్మ అనే చదవగలం. అంటే ఇంగ్లీషు కోసం తయారైన పరీక్షను తెలుగులోకి మార్చినంత మాత్రాన సరిపోదు. అలాగే వాక్యం చెదిరే రకంలో తెలుగువాళ్లకు పోయేవి విభక్తులు, క్రియ చివర వచ్చే లింగ వచన ప్రత్యయాలు. వాటిని పట్టుకోవాలంటే తెలుగు వ్యాకరణం తెలిసిన థెరపిస్టు కావాలి. తెలుగు మాస్టారి మనవరాలికి ఇది పుట్టింటి సొత్తు. ఎంబీబీఎస్ సీటు పోయిందన్న దిగులులో దీన్ని మీరు లెక్కలో వేసుకున్నట్టు లేదు.

ఇక్కడ పరిశోధనకు హైదరాబాదులోనే పునాది పడింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, బడికి వెళ్లనివారిలో కూడా. ఉర్దూ, తెలుగు, హిందీ కలగలిసిన ఊరు కాబట్టే ఆ అధ్యయనం అక్కడ సాధ్యమైంది. తర్వాత అదే బృందం ఫ్రంటోటెంపోరల్ రోగుల్లో చూస్తే, ప్రవర్తన దెబ్బతినే రకంలో ఆ మేలు కనిపించింది, అఫేజియా రకాల్లో కనిపించలేదు. ఎందుకని? ఇలాంటి ప్రశ్న వినగానే మీకు నిద్ర పట్టకపోతే పీజీ, పీహెచ్‌డీ వైపు వెళ్లవలసిన మనిషి మీరు.

ఇక బతుకుతెరువు సంగతి. ఈ చదువు చదివినవారి దినచర్యలో ప్రోగ్రెసివ్ అఫేజియా రోగులు అరుదు. రోజూ తలుపు తట్టేది మూడేళ్లొచ్చినా మాట రాని పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, నత్తి, ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంటు వేయించుకున్న పసివాళ్లు, పక్షవాతం వచ్చినవారు. పైగా డిగ్రీ పేరులో ఆడియాలజీ ముందే ఉంది. శబ్ద తరంగాల ఫిజిక్సు, వినికిడి పరీక్షలు, హియరింగ్ ఎయిడ్ల అమరిక కోర్సులో ఇంచుమించు సగం. తాతగారిని చూసి ఈ దారిలోకి వచ్చినవారికి మొదటి సంవత్సరం నీరసం పుట్టిస్తుంది, ముందే చెబుతున్నాను.

చేరే ముందు చూడవలసింది ఒక్కటే, భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తింపు. ఆ కళాశాలకు మీరు చేరే సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో మండలి వెబ్‌సైటులో మీరే చూసుకోండి, కళాశాలవాళ్లు చూపించే కాగితం చాలదు. కోర్సయ్యాక మండలి రిజిస్టరులో పేరు ఎక్కితేనే ప్రాక్టీసుకు అర్హత. 1992 నాటి చట్టం ప్రకారం పేరు లేకుండా వైద్యం చేయడం నేరం. బైపీసీ చదివినవారు అర్హులే. దేశంలో పెద్ద పేరు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థది. 1965లో మొదలైంది. మనకు దగ్గరలో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పెద్దల నాడీ సంబంధ జబ్బుల మీదే పనిచేయాలనుకుంటే డిగ్రీ ఒక్కటి చాలదు. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో ఎంఎస్సీ చేసి, నిమ్స్, నిమ్‌హాన్స్ వంటి న్యూరాలజీ విభాగం బలంగా ఉన్న చోట కొన్నాళ్లు గడపాలి.

జీతం మొదట్లో తక్కువే. ఇంజనీరింగ్ చేసిన స్నేహితురాలితో పోల్చుకుంటే మొదటి రెండు మూడేళ్లు మనసు చివుక్కుమంటుంది. తర్వాత సొంత క్లినిక్కు పెట్టుకున్నవారు నిలదొక్కుకుంటారు, ముఖ్యంగా పిల్లల థెరపీతో. విదేశాల మాట నాన్నగారు ఎలాగూ ఎత్తుతారు. అమెరికాలో మాస్టర్స్ తప్పనిసరి, ఆపైన ప్రాక్సిస్ పరీక్ష, పర్యవేక్షణలో పనిచేసే ఫెలోషిప్. బ్రిటన్‌లో మిగతా థెరపీ వృత్తులవారి కన్నా స్పీచ్ థెరపిస్టు దగ్గర ఎక్కువ ఐఈఎల్‌టీఎస్ స్కోరు అడుగుతారు. భాష బాగుచేసే మనిషికి ఆ భాష పూర్తిగా రావాలన్నది వారి లెక్క. న్యాయమే. అదే లెక్కన చూస్తే మీ విలువ ఎక్కువగా ఉండేది తెలుగు రోగుల దగ్గరే.

తాతగారికి సంబంధించి మరో పని మిగిలింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఉంది, అందులో అఫేజియాను పేరు పెట్టి చేర్చారు. ధ్రువపత్రం గురించి న్యూరాలజిస్టును అడగండి.

దరఖాస్తు నింపే ముందు మీకు దగ్గరలో ఉన్న స్పీచ్ థెరపీ క్లినిక్కుకు వెళ్లి, అనుమతి తీసుకొని రెండు రోజులు ఒక మూల కూర్చోండి. నాలుగేళ్ల పిల్లవాడి చేత ‘ప’ అనిపించడానికి థెరపిస్టు అదే బొమ్మను ముప్పైసార్లు ఎత్తి చూపిస్తారు. ముప్పై ఒకటోసారి మీకు గడియారం వైపు చూడాలనిపించిందో, ఆ పిల్లవాడి పెదవుల వైపు చూడాలనిపించిందో గమనించుకొని నాకు మళ్లీ రాయండి.