డాక్టర్ సలహా: వాల్వ్ మార్చాక ఎసిట్రోమ్ రెండు రోజులు ఆపితే ఏమవుతుంది?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. మా అమ్మ వయసు 47 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ పాడైందని చెప్పి, అయిదు వారాల కిందట హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. ఎసిట్రోమ్ (రక్తం గడ్డ కట్టకుండా చూసే మాత్ర), ఎకోస్ప్రిన్ 75, లాసిక్స్, మెటోప్రొలాల్, డిగాక్సిన్ రాసిచ్చారు. ఈసారి నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడంతో మా ఊరి ఆర్‌ఎంపీ గారి మాట మీద ఎసిట్రోమ్ రెండు రోజులు ఆపాం. నిన్న పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చెప్పే అంకె) 1.7 వచ్చింది. ఆకుకూరలు తినకూడదని ఎవరో చెప్పగా అమ్మ వాటిని పూర్తిగా మానేసింది. మోకాళ్ల నొప్పికి సూది వేయించవచ్చా? పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రకు మారవచ్చా? అమ్మ బీడీలు చుడుతుంది, మళ్లీ ఎప్పుడు పనిలో కూర్చోవచ్చు?

జవాబు: మీ ఉత్తరంలో 1.7 అన్న అంకె కనిపించిన రోజే, జవాబు అచ్చయ్యేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ రిపోర్టు చదివి వినిపించమని పోర్టల్ వారి ద్వారా మీకు కబురు పంపించాను. ఇదే స్థితిలో ఉన్న మిగతా పాఠకులకు కూడా నా మొదటి సలహా అదే. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవారికి ఐఎన్‌ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో అది 1.7కు దిగితే అదే రోజు వైద్యులకు చెప్పాలి. వారు అవసరమనుకుంటే అంకె మళ్లీ పెరిగేదాకా గడ్డ కట్టకుండా పొట్ట చర్మం కింద ఇచ్చే హెపారిన్ రకం సూదులు రాస్తారు, ఎసిట్రోమ్ మోతాదును సవరిస్తారు. పోయిన రెండు రోజుల మాత్రలను కలిపి ఒకేసారి మింగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

రెండు రోజులకే ఇంత కంగారు ఎందుకని మీకు అనిపించవచ్చు. మనం వాడుకలో మెటల్ వాల్వ్ అంటున్నా, అందులో తెరుచుకుని మూసుకునే రేకులు చాలావరకు గట్టి కార్బన్‌తో తయారవుతాయి. ఎంత నునుపుగా చేసినా రక్తానికి అది పరాయి వస్తువే కాబట్టి, దాని మీద గడ్డ కట్టడానికి రక్తం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మైట్రల్ వాల్వ్ దగ్గర రక్తప్రవాహం బృహద్ధమని వాల్వ్ దగ్గర ఉన్నంత వేగంగా ఉండదు. పైగా కీళ్లవాత జ్వరం వల్ల ఏళ్ల తరబడి దెబ్బతిన్న గుండెలో ఎడమ పై గది సాగిపోయి ఉంటుంది, చాలామందిలో గుండె లయ కూడా తప్పుతుంది. మీ అమ్మగారికి డిగాక్సిన్ రాశారంటే లయ తప్పి ఉండే అవకాశం ఉంది. అక్కడ పుట్టిన గడ్డ రేకుల మధ్య ఇరుక్కుంటే వాల్వ్ కదలిక ఆగిపోతుంది, తెగి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఎసిట్రోమ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు కాదు. పది గంటలు గడిచేసరికి రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గుతుంది కనుక రెండు రోజులు మానితే రక్షణ దాదాపు పోయినట్టే, మళ్లీ మొదలుపెట్టాక అది పూర్తిగా తిరిగి రావడానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది.

అలాగని నెలసరి రక్తస్రావాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పడం లేదు. మందు ఆపడం తప్పు గానీ, మీ భయంలో తప్పు లేదు. ఈ మాత్రలు వాడే స్త్రీలలో నెలసరి ఎక్కువ కావడం సాధారణమే అయినా, 47 ఏళ్ల వయసులో గర్భాశయంలో కంతులు, థైరాయిడ్ లోపం వంటి వేరే కారణాలు కూడా తోడై ఉండవచ్చు. రక్తస్రావం ఎక్కువైన రోజునే ఐఎన్‌ఆర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, ఫలితం ఆసుపత్రికి చెప్పి, ఆ తర్వాత స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించి స్కాన్ తీయించండి. రక్తం ఆపే మాత్రలు, హార్మోన్ మాత్రలు మందుల షాపులో అడిగి కొనకండి. వాటిలో కొన్ని గడ్డ కట్టే స్వభావాన్ని పెంచుతాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ వంటి మార్గాలు ఉన్నాయి, వాటి గురించి ఆ డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని నిర్ణయిస్తారు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, తల తిరిగి పడిపోతున్నట్టు ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే. అప్పుడు కూడా మందు ఆపాలా, తగ్గించాలా అన్నది చెప్పాల్సింది వాల్వ్ సంగతి తెలిసిన వైద్యుడు మాత్రమే.

ఇక రోజువారీ మందుల విషయం. అయిదు రకాల మాత్రల్లో ఎసిట్రోమ్‌ను విడిగా చూడండి, ఇంట్లో ఎవరో ఒకరే దాని బాధ్యత తీసుకోండి. అందరూ చూసుకుంటున్నామని అనుకునే ఇళ్లలోనే మాత్ర మరిచిపోవడమో, రెండుసార్లు ఇవ్వడమో జరగడం నేను ఎక్కువగా చూశాను. డాక్టరు వేరే సమయం రాయకపోతే సాయంత్రం ఆరుకో ఏడుకో ఇవ్వడం మంచిది. పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, మోతాదు మార్చాల్సి వస్తే ఆ రోజు మాత్రతోనే మార్చవచ్చు. ఒక స్కూలు నోటుబుక్కులో తేదీ, ఇచ్చిన మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఐఎన్‌ఆర్ ఎంత అన్న మూడు గళ్లు గీయండి. ఈ మందు 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. "ఒక మాత్ర" అని రాసుకుంటే, షాపువాడు ఈ నెల వేరే పవర్ ఇచ్చినప్పుడు మోతాదు రెట్టింపైనా మీకు తెలియదు. వారంలో కొన్ని రోజులు ఒక మోతాదు, మిగతా రోజులు ఇంకో మోతాదు రాస్తే క్యాలెండర్ మీదే గుర్తు పెట్టుకోండి. ఒక పూట మరిచిపోయి అదే రాత్రి గుర్తొస్తే ఇచ్చేయండి. మర్నాడు గుర్తొస్తే ఆ పూట వదిలేసి, మామూలు సమయానికి మామూలు మోతాదే ఇచ్చి, మరిచిన సంగతి నోటుబుక్కులో రాయండి.

పరీక్షను వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. నీలం మూత గొట్టంలో గీత వరకు రక్తం నింపకపోతే ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే కథ అడ్డం తిరుగుతుంది. తొలి వారాల్లో వారానికి ఒకసారైనా పరీక్ష అవసరం. అంకె నిలకడగా వచ్చాకే నెలకు ఒకసారి చాలంటారు.

ఆకుకూరల మీద ఉన్న అపోహ ఊరూరా ఉంది, కొన్నిచోట్ల ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలోనే "ఆకుకూరలు తినరాదు" అని అచ్చువేసి ఇస్తారు. పాలకూర, తోటకూర, మునగాకు, మెంతికూర, పుంటికూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఎసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది, ఇంతవరకు నిజమే. కానీ పూర్తిగా మానేస్తే ఒంట్లో విటమిన్ కె నిల్వలు అడుగంటి, ఏ చిన్న మార్పుకైనా ఐఎన్‌ఆర్ ఊగిసలాడుతుంది. ఆకుకూరలు లేని తిండికి సరిపడా మోతాదు కుదిరాక, ఏదో పండక్కో చుట్టాలింటికో వెళ్లి రెండు రోజులు వరుసగా తింటే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. నెలసరిలో రక్తం పోతున్న మనిషికి ఆకుకూరల్లోని ఇనుము, ఫోలేట్ కూడా కావాలి. అందుకని వారానికి మూడు రోజులు చిన్న గిన్నెడు కూర అని ఒక లెక్క పెట్టుకుని, ప్రతి వారం అంతే తిననివ్వండి. మళ్లీ మొదలుపెట్టే సంగతి ముందే డాక్టరుకు చెప్పి, వారం తిరిగేలోపు ఐఎన్‌ఆర్ చూపించండి. తిండి తగ్గినా, ఒక్కపొద్దులు ఎక్కువైనా, విరేచనాలు పట్టుకున్నా, జ్వరం వచ్చినా ఐఎన్‌ఆర్ పెరిగే వీలుంది. అలాంటి వారంలో ఒక పరీక్ష అదనంగా చేయించాలి.

మోకాళ్ల నొప్పికి పిరుదు మీదో భుజం మీదో సూది వేయించవద్దు. రక్తం పలచబడిన మనిషికి కండరంలోకి సూది గుచ్చితే లోపల రక్తం చేరి, తొడ మొత్తం వాచిపోయేంత గడ్డ కట్టవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పడేలా చేసి రక్తస్రావం తెస్తాయి, ఆస్పిరిన్ మాత్రే అయిన ఎకోస్ప్రిన్ కూడా తోడైనప్పుడు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. పారాసిటమాల్ 500 మాత్ర అవసరమైనప్పుడు వాడవచ్చు. రోజుకు మూడు నాలుగు చొప్పున వరుసగా కొన్ని రోజులు వాడాల్సి వస్తే మాత్రం దానివల్ల కూడా ఐఎన్‌ఆర్ పెరుగుతుంది కాబట్టి చెప్పి వాడండి. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమోక్సజోల్, తామరకు ఇచ్చే ఫ్లూకోనజోల్, చివరికి నోటిపూతకు పూసే మైకొనజోల్ జెల్ కూడా ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచగలవు. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, అంకెను కిందికి లాగేస్తుంది. వంటలో వేసే పసుపు, వెల్లుల్లితో భయం లేదు గానీ, వాటి క్యాప్సూళ్లు, పేరు తెలియని చూర్ణాలు, కషాయాలు వద్దు. మీ ఆర్‌ఎంపీ గారితో పోట్లాడమని నా ఉద్దేశం కాదు, రాత్రిపూట తలుపు తడితే వచ్చేది ఆయనే. ఆసుపత్రి వారి కాగితం ఆయనకు చూపించి, ఏ మందు ఇచ్చే ముందైనా ఒక ఫోన్ చేయించమని అడగండి.

పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు ఉన్నమాట నిజమే, కానీ అవి మీ అమ్మగారికి పనికిరావు. మెటల్ వాల్వ్ ఉన్నవారిలో ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ను పరీక్షించిన అధ్యయనాన్ని, గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అలాంటిదే అయిన అపిక్సబాన్‌తో చేసిన మరో అధ్యయనమూ గడ్డల కారణంగానే 2022లో ఆగిపోయింది. కేవలం లయ తప్పిన గుండెకు ఈ మందులు మేలు చేస్తాయి కాబట్టి పక్కింటి వారికి ఇచ్చి ఉండవచ్చు, వారి చీటీ మీకు వర్తించదు. ఎసిట్రోమ్‌కు దగ్గరి బంధువైన వార్ఫరిన్‌ను ఎలుకల మందు అని కొందరు భయపెడతారు. ఆ మాట అబద్ధం కాదు. పాడైన పశుగ్రాసం తిన్న పశువులు రక్తం కారి చనిపోవడం మీద అమెరికాలో జరిగిన పరిశోధన నుంచే ఈ మందులు పుట్టాయి, వార్ఫరిన్‌ను మొదట 1948లో ఎలుకల కోసమే అమ్మారు. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చినదీ అదే వార్ఫరిన్. మోతాదు కొలిచి ఇస్తే మందు, కొలవకపోతే విషం అన్నది దీని విషయంలో అక్షరాలా నిజం, అందుకే అన్నిసార్లు రక్తం తీస్తున్నాం.

ఒంట్లో నీటిని మూత్రం ద్వారా తీసేసే లాసిక్స్ వాడుతున్నారు కాబట్టి రోజూ పొద్దున మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి అదే నోటుబుక్కులో రాయండి. రాత్రికి రాత్రి కిలో పెరిగినా, వారంలో రెండు కిలోలు పెరిగినా అది కొవ్వు కాదు, నీరు. కాళ్లు వాచేదాకా, పడుకుంటే ఆయాసం వచ్చేదాకా ఎదురుచూడకుండా చెప్పండి. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలు తగ్గించకుండా లాసిక్స్ మాత్రమే పెంచుకుంటూ పోతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, అది తగ్గినప్పుడు డిగాక్సిన్ వికటించే ముప్పు పెరుగుతుంది. డిగాక్సిన్, మెటోప్రొలాల్ రెండూ నాడి వేగాన్ని తగ్గించేవే. మాత్రలు ఇచ్చే ముందు మణికట్టు దగ్గర నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. 60 కంటే తక్కువ ఉంటే ఆ పూట డిగాక్సిన్ ఆపి ఫోన్ చేయండి. ఆకలి చచ్చిపోవడం, వికారం, చూపు పసుపుగా కనిపించడం కూడా డిగాక్సిన్ ఎక్కువైనప్పటి లక్షణాలే. దీన్ని కొందరికి వారంలో అయిదు రోజులే రాస్తారు, మీ చీటీలో ఎలా ఉందో మరోసారి చూసుకోండి.

ఇక పని సంగతి. కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు. ఎనిమిది వారాల వరకు రెండు మూడు కిలోలకు మించి ఎత్తకూడదు, బోరింగు కొట్టకూడదు, చేతులు నేలకు ఆనించి లేవకూడదు. కింద చాప మీద కాకుండా మంచం మీద పడుకోవాలి, దగ్గు వచ్చినప్పుడు దిండును రొమ్ముకు హత్తుకుని దగ్గాలి. గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి పొడిగా తుడిస్తే చాలు, పసుపు, పౌడరు, కొబ్బరినూనె అక్కర్లేదు. బీడీలు చుట్టడం బరువు పని కాకపోయినా, గంటల తరబడి ముందుకు వంగి కూర్చోవడం, పొగాకు దుమ్ము పీల్చడం ఈ సమయంలో మంచివి కావు. మూడు నెలల పరీక్షలో డాక్టరు సరేనన్నాకే, అది కూడా గంటకోసారి లేచి నడుస్తూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయనివ్వండి, పొగాకుకు దూరంగా వేరే పని దొరికితే ఇంకా మేలు. తునికాకు కత్తిరించేటప్పుడు కత్తెర తగిలి రక్తం వస్తే పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి.

మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి గానీ కాలు గానీ పడిపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, మలం తారులా నల్లగా వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయండి. ఇనుము మాత్రలు వాడితే కూడా మలం నల్లబడుతుంది గానీ, తేడా తేల్చుకునే పని ఇంట్లో పెట్టుకోవద్దు. గాయం నుంచి చీము, రొమ్ము ఎముక కదిలినట్టు చప్పుడు, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే అదే రోజు చూపించాలి. రాత్రి నిశ్శబ్దంలో మీ అమ్మగారి రొమ్ములోంచి టిక్ టిక్‌మనే చప్పుడు మీకు కూడా వినిపిస్తుండవచ్చు. కొందరికి మొదట్లో ఆ చప్పుడుకు నిద్ర పట్టదు, అలవాటవుతుంది. భయపడాల్సింది ఆ చప్పుడు మందగించినప్పుడు. రేకుల మధ్య గడ్డ చేరితే అలా జరుగుతుంది, అదే రోజు ఎకో (గుండె స్కాన్) తీయించాలి.

పన్ను పీకించాల్సి వస్తే దంత వైద్యుడికి వాల్వ్ సంగతి ముందే చెప్పాలి, ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. దాని కోసం ఎసిట్రోమ్‌ను మీరే ఆపకండి. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా వాడే పెన్సిలిన్, వాల్వ్ మార్చినంత మాత్రాన అక్కర్లేదని కాదు. ఇంతకుముందు 21 రోజులకోసారి సూది వేయించుకునేవారైతే, ఇప్పుడు దాన్ని మాత్రల రూపంలో కొనసాగించాలా అని గుండె డాక్టరును అడగండి. కొన్ని ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీలో ఏడాది పాటు పరీక్షలు, మందులు కూడా ఇస్తారు. మీ అమ్మగారి ఆపరేషన్‌కు అది వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ వారమే కనుక్కోండి. మాత్రలు అయిపోయాయని ఎసిట్రోమ్ ఆగిపోయే ఇళ్లు కూడా ఉన్నాయి, అందుకని కనీసం పది రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో ఉంచండి.